అదే 39 శాతం, ఒకసారి 23 సీట్లు, ఇంకోసారి 11

మొన్న తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే మా మామ మళ్లీ అందుకున్నాడు. "2024లో మా వైసీపీకి నూటికి ముప్పై తొమ్మిది మంది ఓటేస్తే 175లో పదకొండు సీట్లేందిరా అల్లుడా, మిగతా ఓట్లన్నీ యాడికి పోయినాయి?" 2019లో టీడీపీకి వచ్చింది కూడా 39 శాతమే మామా, సీట్లు 23, అప్పుడు నువ్వు టపాకాయలు కాల్చినావే గానీ ఈ ప్రశ్న అడగలేదే అన్నాను. (ఆరోజు అడిగినవాళ్లు 2024లో నోరెత్తలేదు, అది వేరే సంగతి.)

ఓట్లు ఎక్కడికీ పోలేదు. మన దగ్గర ఏ నియోజకవర్గం లెక్క ఆ నియోజకవర్గానిదే, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే, రెండోవాడికి ఎనభై వేలు పడినా చేతికి వచ్చేది సున్నా. గాలి ఒకే వైపు వీస్తే 39 శాతం ఉన్న పార్టీ ఊరూరా రెండో స్థానంలోనే ఆగిపోతుంది. మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 సీట్లు, 2019లో వైసీపీకి 13, టీడీపీకి కుప్పం ఒక్కటే. 2024లో వైసీపీకి మిగిలింది పుంగనూరు, తంబళ్లపల్లె. ఐదేళ్లలో జిల్లా జనమంతా మనసు మార్చుకున్నారా ఏంది? మూడో పార్టీ గతి ఇంకా ఘోరం. 2009లో ప్రజారాజ్యానికి 16 శాతం పైనే ఓట్లు పడితే 294లో దక్కింది 18, అందులో మా తిరుపతి ఒకటి.

ఓట్ల వాటా ప్రకారం సీట్లిచ్చే దేశాలూ ఉన్నాయి. జర్మనీలో మనిషికి రెండు ఓట్లు, ఒకటి లోకల్ అభ్యర్థికి, ఇంకోటి పార్టీకి, ఎవరికెన్ని సీట్లో తేల్చేది ఈ రెండోదే. న్యూజిలాండ్‌ది ఒకప్పుడు మన పద్ధతే, 1993లో జనాన్నే అడిగి జర్మనీ లాంటి పద్ధతికి మార్చుకున్నారు.

"ఇవన్నీ మనోళ్లకు అర్థం కావు" అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. 2023 పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో వాళ్లిచ్చిన వయొలెట్ పెన్నుతో నచ్చిన వరుసలో 1, 2, 3 అని వేసి వచ్చాం కదా! పశ్చిమ రాయలసీమలో మొదటి ప్రాధాన్యత ఓట్లలో వెనకబడినాయనే రెండో ప్రాధాన్యతతో గెలిచాడు, టీవీల ముందు కూర్చుని అందరం లెక్కలు కట్టాం. అది ఓట్ల వాటా ప్రకారం సీట్లిచ్చే పద్ధతి కాదు, నిజమే, కానీ అంకెలు వేయడం రానివాళ్లమేం కాదు.

నా భయం వేరే. పార్టీకి ఓటేస్తే ఆ సీట్లు పార్టీ ముందే ఇచ్చిన పేర్ల లిస్టులో పైనుంచి వరసగా పోతాయి, ఆ లిస్టులో పై పేరు ఎవరిదో పార్టీ ఆఫీసులోనే తేలిపోతుంది, ఇప్పుడే టిక్కెట్లకు ఎంత బేరం నడుస్తుందో తెలిసిందే. అందుకే నేనైతే జర్మనీలా సగం లోకల్ అభ్యర్థులు, సగం లిస్టు అంటాను.

"సరే, ఓట్ల వాటా ప్రకారమైతే మాకు ఎన్నొచ్చుండేవి?" అన్నాడు మామ. 68, 69 అనేసరికి ముఖం వెలిగిపోయింది. 2019లో మీకు దాదాపు 50 శాతం, ఆ 151 కాస్తా 87 అయ్యుండేది, మెజారిటీకి ఒకటి తక్కువ అని కూడా చెప్పాను. మామ టీ గ్లాసు కింద పెట్టేసి, "ఇప్పుడున్నదే మేలు లేరా" అన్నాడు.