సాక్సోఫోన్ మాస్టారికి మనం ఇవ్వని పదిహేను నిమిషాలు

మన తెలుగు సంఘం మొన్నటి ఉగాది ప్రోగ్రామ్ ఫొటోలు ఈ సంచికలో ఎలాగూ వస్తాయి. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, పిల్లల కోలాటం, స్పాన్సర్లకి శాలువాలు అన్నీ ఉంటాయి. ఫొటోల్లో రాని సంగతి ఒకటి ఉంది, అది నేను రాస్తున్నా, ఎందుకంటే ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా అబ్బాయికీ, మన సంఘంలో ఇంకొంతమంది పిల్లలకీ మిడిల్ స్కూల్లో బ్యాండ్ నేర్పిన మాస్టారు ఒకాయన ఉన్నారు. పేరు రాయను, రాయడం ఆయనకి ఇష్టం ఉండదు. డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయన, టెనార్ సాక్సోఫోన్ వాయిస్తారు, చిన్నప్పటి నుంచీ జాజే ఆయన లోకం. రిటైరయ్యాక కూడా శనివారాలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఊపిరి ఎలా పట్టాలి, పక్కవాడు వాయిస్తుంటే ఎలా వినాలి అన్న దగ్గర్నించి ఓపిగ్గా చెప్తారు. కల్చరల్ కమిటీ వాళ్ళే ఆయన్ని పిలిచారు, పిల్లలతో కలిసి పదిహేను నిమిషాలు వాయించండి సార్ అని. ఆయన వారాల తరబడి వాళ్ళని తయారుచేశారు, అందులో మొదటిసారి స్టేజీ ఎక్కే పిల్లలు కూడా ఉన్నారు.

సాయంత్రం స్లాట్ అన్నారు, ముఖ్య అతిథి సినిమా ఆయన లేటుగా వచ్చారు, ఆయన స్పీచ్, ఆయనకి సన్మానం, ఆయనతో బోర్డు మెంబర్లందరి ఫ్యామిలీ ఫొటోలు, అలా జరిగి జరిగి రాత్రి తొమ్మిది దాటింది. అప్పటిదాకా మాస్టారు కర్టెన్ పక్కన నిలబడే ఉన్నారు. సాక్సోఫోన్ నోటి దగ్గర రీడ్ అని రెల్లు లాంటి గడతో చేసిన ఒక చిన్న పలక ఉంటుంది, అది తడిగా ఉంటేనే పలుకుతుంది, ఆరిపోతే కీచుమంటుంది. ఆయన దాన్ని తీసి నోట్లో పెట్టుకుని తడపడం, మళ్ళీ బిగించడం, వాలంటీర్ అమ్మాయి వచ్చి ఇంకో ఐదు నిమిషాలు సార్ అంటే తల ఊపడం, మళ్ళీ తీసి తడపడం, నేను పక్కనే ఉండి చూశా. పట్టుపావడాలో ట్రంపెట్ పట్టుకున్న పిల్ల నిద్రకి ఆగలేక ఆయన కుర్చీకి ఆనుకుని నిలబడింది.

చివరికి పిలిచారు. ఎత్తుకున్నది జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు జిమ్మీ హీత్ కట్టిన సీటీఏ అనే ట్యూన్. జాజ్‌లో ముందు అందరూ కలిసి అసలు ట్యూన్ వాయిస్తారు, తర్వాత ఆ 32 బార్ల (మన తాళం ఆవర్తనాల్లాంటివి) చట్రం మీదే ఒక్కొక్కళ్ళూ సోలో తీసుకుంటారు, ఆఖర్న మళ్ళీ అందరూ ఆ ట్యూన్‌కి తిరిగొస్తారు. మన కృతిలో చరణం అయ్యాక పల్లవికి వచ్చి చేరినట్టు. మొదటి పిల్లాడి సోలో అయింది, మా వాడి సోలో సగంలో ఉంది, ఇంతలో మైకులో భోజనాలు రెడీ, అందరూ డైనింగ్ హాలు వైపు వెళ్ళండి అని అనౌన్స్‌మెంట్, దాని మీద డీజే సినిమా పాట పెట్టేశాడు. పల్లవికి తిరిగి రానే లేదు. మాస్టారు పిల్లల్ని ఆపి, రీడ్ విప్పి డబ్బాలో పెట్టుకుని, శనివారం మామూలు టైముకే రండి అని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. ఆ రోజు వచ్చినవాళ్ళలో సగం మందికి ఈ సంగతే తెలీదు, అప్పటికే ప్లేట్లు పట్టుకుని ఉన్నారు.

కమిటీలో ఒక అన్నయ్యతో తర్వాత మాట్లాడితే, మన పండక్కి మన కళలే ముందు కదా, సాక్సోఫోన్ మనది కాదు కదా అన్నారు. నాకు బాధనిపించింది. మనది కానిదేది? కోస్తా పెళ్ళిళ్ళలో ఊరేగింపు ముందు నడిచిన బ్యాండు మేళంలో సాక్సోఫోన్ ఉండేది కదా. త్యాగయ్య కీర్తనల్ని సాక్సోఫోన్ మీద కద్రి గోపాల్‌నాథ్ గారు వాయిస్తే మనమే కదా చెవులప్పగించి విన్నది. వయొలిన్ మాత్రం ఎక్కణ్ణించి వచ్చింది? ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని విజయనగరం సంగీత కళాశాలకి వెళ్తే ఆ వాయింపు విని ఏకంగా పాఠం చెప్పమన్నారని మన పెద్దవాళ్ళు చెప్పుకుంటారు, 1919లో అక్కడ ప్రొఫెసర్ అయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. గొప్పగా వాయించేవాడు గొప్పగా నేర్పడం కూడా మొదలుపెడితే ఆ ఊరికి ఏం జరుగుతుందో తెలిసిన వాళ్ళం మనం.

ఆ పిల్లలు వాయించిన జిమ్మీ హీత్ ఎవరో కూడా చెప్పాలి. ఆయన మనకి ఎంత దగ్గరివాడో మనలో చాలామందికి తెలీదు. 1926లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, నాన్న కార్ల మెకానిక్, క్లారినెట్ వాయించేవాడు. అన్న పెర్సీ బేస్ వాయించేవాడు, తమ్ముడు ఆల్బర్ట్ డ్రమ్స్, ఒకే ఇంట్లోంచి ముగ్గురు. కుర్రతనంలోనే సొంత బిగ్ బ్యాండ్ పెడితే అందులో, తర్వాత జాజ్‌లో మహా సాక్సోఫోన్ విద్వాంసుడైన జాన్ కోల్ట్రేన్ వాయించాడు. తర్వాత హెరాయిన్ అలవాటై, 1955 నుంచి 1959 దాకా లూయిస్‌బర్గ్ జైల్లో ఉన్నాడు. అక్కడా ఊరుకోలేదు, లోపల కూర్చుని సంగీతం రాస్తూనే ఉన్నాడు, ఆ రాసినవాటిని 1956లో చెట్ బేకర్, ఆర్ట్ పెప్పర్ అనే జాజ్ విద్వాంసులు బయట రికార్డు చేశారు. విడుదలయ్యాక పేరున్న ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బ్యాండులో కోల్ట్రేన్ చోటు దొరికితే, పెరోల్ రూల్స్ వల్ల ఊరు దాటి తిరగడానికి వీల్లేక అదీ చేజారింది. ఇంకొకరైతే అక్కడే కుంగిపోయేవాళ్ళు. ఈయన ఆ ఏడాదే సొంత పేరుతో మొదటి ఆల్బమ్ రికార్డు చేశాడు, మళ్ళీ ఆ మత్తు జోలికి పోలేదు.

1964లో కరోనాకి మారాడు, అదే న్యూయార్క్‌లో మన క్వీన్స్‌లో, ఫ్లషింగ్ మెడోస్ పార్కుకి అటువైపు, డోరీ మిల్లర్ అపార్ట్‌మెంట్స్‌లో. జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లూ ఆ చుట్టుపక్కలే. హార్లెంలో జాజ్‌మొబైల్ అనే సంస్థ వాళ్ళ క్లాసుల్లో పిల్లలకి నేర్పాడు, 1987లో, అరవై ఏళ్ళ వయసులో, క్వీన్స్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి 1998 దాకా చెప్పాడు. ఆయన దగ్గర చదువుకున్న సాక్సోఫోన్ విద్వాంసుడు ఆంటోనియో హార్ట్ తర్వాత అదే కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. 2020 జనవరిలో తొంభై మూడేళ్ళకి పోయేముందు కూడా ఆయన చేతిలో ఒక ఆల్బమ్ పని ఉంది, అది పోయాకే బయటికొచ్చింది.

ఆ కాలేజీ కిస్సేనా బులవార్డ్ మీద ఉంది, మన గణేశుడి గుడి బౌన్ స్ట్రీట్ మీద. కుంభాభిషేకం జరిగింది 1977లో, అంటే హీత్ పాఠాలు చెప్పిన ఆ పదకొండేళ్ళూ మనం ఆ గుళ్ళో కొబ్బరికాయలు కొడుతున్నాం, మన కుర్రాళ్ళు కొందరు ఆ కాలేజీలోనే కంప్యూటర్ సైన్స్ చదివారు. ఒక్క ఉగాదికైనా ఆయన్ని మనవాళ్ళు పిలిచారని ఏ పెద్దవాళ్ళ నోటా నేను వినలేదు. పిలిస్తే వచ్చేవాడో కాదో, అది వేరే మాట.

న్యాయంగా చెప్పాలంటే కమిటీ కష్టం నాకు తెలుసు, హాలు అద్దె ఎంతో తెలుసు, సినిమా గెస్ట్ రాకపోతే టికెట్లు అమ్ముడుపోవనీ తెలుసు, కేటరింగ్ వాళ్ళు టైమైపోతే ట్రేలు ఎత్తేస్తారనీ తెలుసు. వాలంటీర్లు తిండి తినకుండా తిరుగుతారు, వాళ్ళని నేను ఒక్క మాట అనను. ఇదంతా మనం ఊరి నుంచి తెచ్చుకున్న అలవాటే అంటారు కొందరు. మా ఊరు ఒంగోలు దగ్గర, నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారి ఊరు కరవది మాకు దగ్గరే. శ్రీరామనవమికి నాదస్వరం మొదలైతే రాగం పూర్తయ్యేదాకా మా తాతయ్య ఎవర్నీ లేవనిచ్చేవాడు కాదు, హారతి పళ్ళెం కూడా ఆగేది. అవే సన్నాయి వాళ్ళని భోజనాల దగ్గర ఆఖరి బంతికి కూర్చోబెట్టేవాళ్ళు, అది తప్పు, అందరికీ తెలిసే జరిగేది. కానీ వాయిస్తున్న మనిషిని మధ్యలో ఆపిన ఉగాది నాకు మా ఊళ్ళో గుర్తులేదు.

దీపావళి కమిటీ త్వరలో కూర్చుంటుంది. నేను అడిగేది పెద్దదేం కాదు. మాస్టారికీ పిల్లలకీ ఇరవై నిమిషాలు సన్మానాలకి ముందే పెట్టండి, ఆ ఇరవై నిమిషాలూ డైనింగ్ హాలు తలుపులు మూసి ఉంచండి, డీజేకి ముందే చెప్పండి. శాలువా కప్పితే కప్పండి, అంతకంటే ముందు పాట పూర్తి కానివ్వండి. ఈసారి ఈమెయిల్ పంపి ఊరుకోకుండా మనమే ఆయన ఇంటికి వెళ్ళి, పండూ తాంబూలం పెట్టి పిలవాలి. ప్రెసిడెంట్ గారు వస్తే సంతోషం, వీలు కాకపోతే పిల్లల అమ్మానాన్నలం వెళ్తాం. వచ్చే శనివారం క్లాస్ అయ్యాక ఆయన్ని అడుగుదామని ఉంది, నాతో వస్తామనేవాళ్ళు ఫోన్ చెయ్యండి.