చెయ్యి ఎత్తే ముందు గేటు వైపు చూసింది

మన సంఘం కార్యవర్గాన్ని ఈసారి కూడా చేతులెత్తి ఎన్నుకుందామని సర్వసభ్య సమావేశం నోటీసులో రాశారు. వద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2024 ఆగస్టులో సెలవు మీద కోవూరు దగ్గరి మా ఊరికి వెళ్ళాను. ఆ వారమే బడి యాజమాన్య కమిటీ ఎన్నిక. వరండా నిండా తల్లులే. మా చిన్నాన్న కూతుర్ని ఊళ్ళోనే ఇచ్చారు, ఆమె కూడా వచ్చింది. మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్ళలా ఉంటోందని, కమిటీలోకి గట్టిగా అడిగే మనిషి రావాలని ముందు రోజు నాతో గంటసేపు చెప్పింది. ఆ మనిషెవరో కూడా తనే చెప్పింది. తీరా ఇంకెవరి పేరో చదవగానే చెయ్యి ఎత్తింది. ఎత్తే ముందు ఒక్క క్షణం గేటు వైపు చూసింది. అక్కడ ఊళ్ళో పెద్ద ఆసామి నిలబడి ఉన్నాడు.

"పొద్దున్నే పనికి పిలిచేది వాళ్ళే కదన్నా" అంది, ఇంటికొచ్చాక అడిగితే.

మన పంచాయతీల్లో సర్పంచిని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటారు. ఉప సర్పంచిని మాత్రం వార్డు సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు. మండలాధ్యక్షుడికీ అదే పద్ధతి. అందులో న్యాయం ఉంది. సభ్యుడు తనను గెలిపించిన వాళ్ళ తరఫున చెయ్యి ఎత్తుతున్నాడు కాబట్టి, ఎటు ఎత్తాడో వాళ్ళకు తెలియాలి. మా చెల్లెలు ఎవరికి లెక్క చెప్పాలి?

చేతులెత్తడాన్ని నేను చులకన చేయడం లేదు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దని అందరి ముందూ నిలబడ్డారు కాబట్టే పక్క ఊళ్ళు కదిలాయి. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. అక్కడ ఒకరిని చూసి ఒకరికి ధైర్యం వచ్చింది. ఎరిగిన ఇద్దరిలో ఒకరిని కాదనాల్సి వచ్చినప్పుడు మాత్రం చూపులు బరువవుతాయి.

మన సంఘంలో ఆసామి లేడు కదా అంటారు. కొత్తగా వచ్చిన కుర్రాడికి అద్దె ఇల్లు వెతికి పెట్టినవారు, ఉద్యోగానికి సిఫారసు చేసినవారు ముందు వరుసలోనే కూర్చుంటారు. వారు మంచివారే. మేలు చేసిన మంచివారి ఎదుట కాదనడం మరీ కష్టం.

ఉగాది ఖర్చులకు, హాలు అద్దెకు చేతులెత్తుదాం. మనుషుల్ని ఎన్నుకోవడానికి చీటీలు పెడదాం. పోటీలో లేని ఇద్దరు లెక్కపెడితే అరగంట పని. అట్టపెట్టె, చీటీలు నేను తెస్తాను.