ఎవరి తాలూకు?

మొన్న జిల్లా కేంద్రంలో జానపద సంబరాలంటే మా ఊరి ఒగ్గు కథ తాతను తీసుకెళ్లాను. డోలు మీద దెబ్బ పడితే చాలు, మల్లన్న కథ తెల్లారేదాకా చెప్పగల మనిషి. ఐదింటికి రమ్మన్నారు. తొమ్మిదైనా పిలుపు లేదు. వెళ్లి అడిగితే మైకు దగ్గరున్నాయన "ఎవరి తాలూకు?" అన్నాడు. ఏం చెప్పాలి? ఈలోగా ఎవరో నాయకుడి మేనల్లుడట, ట్రాక్ పెట్టుకుని పెదాలు కదిపి, శాలువా కప్పించుకుని కారెక్కాడు. చివరికి కుర్చీలు మడతపెడుతుంటే తాతకు ఐదు నిమిషాలిచ్చారు. ఒగ్గు కథకు ఐదు నిమిషాలు! కథలో బీరప్ప దేవుడు పుట్టడానికే గంట పడుతుంది.

టాలెంట్ ఉంటే అదే పైకొస్తుందని ఉచిత సలహా ఒకటి. 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే మొగులయ్య ఎన్నేళ్లు ఊరూరా తిరిగి పాడాడు! 2021లో సినిమా పాటలో గొంతు వినపడ్డాకే ఇంటింటా పేరు మోగింది. 2022లో పద్మశ్రీ. 2024లో హైదరాబాద్ దగ్గర కూలిపని చేస్తూ మళ్లీ వార్తల్లో కనిపించాడు.

యూట్యూబ్ వచ్చాక సిఫార్సుల గోల పోతుందనుకున్నాను, పిచ్చివాణ్ణి. నాట్లేసే అమ్మల పాటకు రెండు చరణాలు మార్చి, రచన అని సొంత పేరేసుకుంటున్నారు.

తిరుగు బస్సులో తాత డోలు ఒళ్లో పెట్టుకుని "చార్జీలన్న ఇస్తరా బిడ్డా?" అన్నాడు. వారమైంది, ఆ నిర్వాహకుడు ఇంకా ఫోనెత్తట్లేదు.