మేనమామ అంటే అంకులే

న్యూయార్క్‌లో రెంట్ స్టెబిలైజ్డ్ ఫ్లాటు, అంటే ఓనరు ఇష్టమొచ్చినట్టు అద్దె పెంచడానికి వీల్లేని ఇల్లు, మేనమామది. ఆయన ఇండియాకి మకాం ఎత్తేశాడు. 3 ఏళ్ళు ఆయనతోనే ఉన్న మేనల్లుడు, లీజు తనదేనన్న ధీమాతో కోర్టుకెళ్ళాడు. రూలు సగం తెలుసు: అద్దెదారు పోయినా, శాశ్వతంగా వెళ్ళిపోయినా, అంతకుముందు వరసగా 2 ఏళ్ళు ఆ ఇంట్లోనే ఉన్న కుటుంబసభ్యుడికి లీజు దక్కుతుంది. 62 నిండినవాళ్ళకీ, వికలాంగులకీ ఏడాది చాలు.

"ఆయన మీకేమవుతారు?"

తెలుగువాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? మొదలెట్టాడు. అమ్మకి తోడబుట్టినవాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని పుట్టెంట్రుకలు తీయించినవాడు. చెవులు కుట్టిస్తుంటే వీడికంటే ముందు ఏడ్చినవాడు. నాన్న బెల్టు తీసినప్పుడల్లా అడ్డొచ్చినవాడు, రెండుసార్లు ఆ దెబ్బలు తనే తిన్నవాడు. ఏకబిగిన రెండు నిమిషాలు. దుబాసీ తలూపుతూ అంతా విని, గొంతు సవరించుకుని, ఒక్క ముక్క అన్నాడు: "అంకుల్."

ఓనరు లాయరు మొహం మతాబాలా వెలిగింది. కుటుంబసభ్యులంటే ఎవరో రూల్లో రాసిన జాబితాలో భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతామామ్మలు, మనవలు, ఆఖరికి అత్తమామలు, కోడలు, అల్లుడు కూడా ఉన్నారు. మేనల్లుణ్ణి 1997లోనే పీకేశారు. అల్లుడికి హక్కుందట, మేనల్లుడికి లేదట! ఏ మహానుభావుడు రాశాడో గానీ వాడికి మేనమామ లేడు. మామ కూతుర్ని చేసుకునుంటే పోయేది, వద్దన్నది వీడే.

ఇంకో దారుంది. 1989 నాటి బ్రాస్కీ తీర్పు పుణ్యాన, జాబితాలో లేనివాళ్ళు కూడా మనసులూ డబ్బులూ కలిసిన కుటుంబమేనని రుజువు చేసుకోవచ్చు. జాయింట్ ఖాతా, కలిసి కట్టిన బిల్లులు, వీలునామా, పవరాఫటార్నీ లాంటివి చూస్తారు. ఇక్కడ ఖాతా మామది, కరెంటు బిల్లు మామది. సగం అద్దె వీడు నెలనెలా నోట్లుగా చేతిలో పెట్టాడు, మామని రసీదు అడిగితే బావుండదని. టాక్స్ రిటర్నులో అడ్రసు ఇంకా న్యూజెర్సీ పాత గదే.

పైగా ఇంట్లో ఎవరెవరున్నారో రాసిమ్మని ఓనరు ఏడాదికోసారి పంపదగ్గ ఆర్ఏ 23.5 ఫారం. నింపకపోతే హక్కు పోదు, రుజువు చేసుకునే భారం మాత్రం ఉన్నవాడి నెత్తినే. మామ దాన్ని ఆవకాయ జాడీ కింద పరిచాడు.

ఆ రాత్రి మామకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు. అవతల కాసేపు నిశ్శబ్దం.

"ఒరే అల్లుడూ, ఆ ఫ్రిజ్ నాదిరా. అమ్మి డబ్బులు పంపు."