పాటలేని పాటకు 85 పౌండ్లు

పాటలోంచి పాడేవాణ్ణి తీసేస్తే ఏం మిగులుతుంది? తెలియనివాళ్ళు ఏమీ మిగలదంటారు. తెలిసినవాళ్ళు 85 పౌండ్లు మిగులుతాయంటారు, అమ్మేవాడికి.

పోయిన నెల లండన్‌లో ఒక పాత గ్రామఫోన్ ప్లేట్ల కొట్లో 7 అంగుళాల జమైకా 'డబ్' రికార్డుకి నేను కట్టింది సరిగ్గా అంతే. దానికి అట్ట లేదు. లేబులు మీద పేరు లేదు, ఉత్త తెల్లకాగితం. నడుమ చిన్న నిమ్మకాయ దూరేంత చిల్లు ఉంది కానీ అది సరిగ్గా నడుమ లేదు, కాస్త పక్కకి జరిగింది. ఇంటికి తెస్తే మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకీ ఇందులో ఉన్నదేమిటండీ?" అంది. ఉన్నదాన్ని ఎవరైనా కొంటారు. లేనిదాన్ని కొనాలంటే సాధన కావాలి.

డబ్ అనగానే మనవాళ్ళకి డబ్బింగ్ సినిమా గుర్తొస్తుంది. అది వేరు. డబ్బింగ్‌లో ఒకడి గొంతు తీసి ఇంకొకడి గొంతు పెడతారు. డబ్‌లో తీసేసి ఊరుకుంటారు. ఈ మహత్తర కళ పుట్టింది మతిమరుపులోంచి. 1960ల చివర్లో జమైకాలోని స్పానిష్ టౌన్‌లో రడ్డీ రెడ్‌వుడ్ అని ఒకాయన సౌండ్ సిస్టమ్ నడిపేవాడు. సౌండ్ సిస్టమ్ అంటే మన పందిట్లో మైక్‌సెట్ లాంటిదే, కాకపోతే స్పీకర్లు బీరువాలంత ఉంటాయి. ఆయన కోసం డ్యూక్ రీడ్ అనే నిర్మాత స్టూడియోలో ఒక ప్లేటు మీద పాట కోస్తూ ఇంజనీరు గొంతు ట్రాక్ కలపడం మర్చిపోయాడు. రెడ్‌వుడ్ దాన్ని పారేయకుండా ఆ రాత్రి డాన్సులో వేస్తే జనమే గొంతెత్తి పాడేశారు. ఆ తర్వాత సింగిల్ (వైపుకో పాట ఉండే చిన్న ప్లేటు) రెండో వైపున గొంతులేని పాట వేయడం రివాజైంది. దానికి 'వర్షన్' అని పేరు. నిర్మాతకి రెండో పాట ఖర్చు తప్పింది. మన దగ్గర సన్నాయి విద్వాంసుడు రాకపోతే మగపెళ్ళివారు అలిగి విడిదిలోనే కూర్చుంటారు. అక్కడ డోలు ఒక్కటే మోగినా నెత్తిన పెట్టుకున్నారు. సంస్కారం అంటే అది.

నెత్తిన పెట్టుకోవడానికి కారణమైనవాడు కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్‌బోర్న్ రడాక్. రేడియోలు బాగుచేసేవాడు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు. కింగ్‌స్టన్‌లో వాటర్‌హౌస్ అనే పేదల పేటలో, తన ఇంట్లోనే, గొంతునీ వాద్యాల్నీ విడివిడిగా పెంచి తగ్గించే నాలుగు ట్రాకుల పాత మిక్సింగ్ బోర్డు ముందు కూర్చుని గాయకుణ్ణి ఒక్క మాట అననిచ్చి గుటుక్కున మాయం చేసేవాడు. గిటారు ఒకసారి టింగుమని ఎకోలో పడి ఎటో వెళ్ళిపోయేది. మిగిలేది బేసూ డ్రమ్మూ. వేళాకోళం పక్కనపెట్టి ఒక్కమాట చెప్పాలి: పెళ్ళివారంతా వెళ్ళిపోయాక ఖాళీ పందిట్లో ఒక్కళ్ళమే కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయన చేసిన డబ్ అలా ఉంటుంది. 1989లో ఆయన్ని ఇంటి బయటే ఎవరో కాల్చి చంపారు. సరే, మళ్ళీ వేళాకోళంలోకి వద్దాం.

ప్లేట్లు కొనేవాడు ముందు భాష నేర్చుకోవాలి. అమ్మకందారులు నాణ్యతకి గ్రేడులు ఇస్తారు. 'వెరీ గుడ్' అంటే పాట వెనక ఎవరో పోపు పెడుతున్నారని అర్థం. 'గుడ్' అంటే పాట వినబడదు, పోపే వినబడుతుంది. పెళ్ళిసంబంధాల ప్రకటనలు చదివి పెరిగినవాణ్ణి కాబట్టి నాకిదంతా తేలిగ్గానే పట్టుబడింది. చామనఛాయ, సంప్రదాయ కుటుంబం, వెరీ గుడ్ ప్లస్.

అయితే చిటపటలన్నీ వాడకం వల్ల వచ్చినవి కావు. జమైకాలో అమ్ముడుపోని పాత ప్లేట్లని కరిగించి ఆ ముద్దతోనే కొత్తవి అచ్చువేయడం మామూలే. అంటే కొన్ని ప్లేట్లు పుట్టిన రోజునే ముసలివి. చిల్లు పక్కకి జరిగిందంటే పాట ఊగుతుంది. ఇదే పాటని లండన్ కంపెనీలు టేపులు శుభ్రం చేసి, అట్ట మీద చరిత్ర అంతా రాసి, చక్కగా మళ్ళీ అచ్చువేసి పావు ధరకే ఇస్తున్నాయి కదా అని మా బావమరిది అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. చంటిపిల్లలతో వాదించకూడదు.

లేబులు లేకపోవడానికీ వంశచరిత్ర ఉంది. 1950లలో కింగ్‌స్టన్ సౌండ్ సిస్టమ్‌ల వాళ్ళు అమెరికా నుంచి రికార్డులు తెప్పించుకుని, ఎదుటివాడు పేరు చదివి కొనేసుకుంటాడని లేబులు గీకేసేవాళ్ళు. కాక్స్‌సన్ డాడ్ అనే సౌండ్ సిస్టమ్ యజమాని అయితే ఒక అమెరికన్ శాక్సఫోన్ పాటకి తన పేరే పెట్టేసుకుని వాయించాడు. వంటమాస్టర్లు మసాలా పొట్లం దాచుకోవడం మనకి తెలిసిందే. వాళ్ళు వంటకం పేరే దాచేవారు. ఇప్పుడు మేము రాత్రి పదకొండింటికి టార్చిలైటూ భూతద్దమూ పట్టుకుని, ముల్లు ఆగేచోట చేత్తో గీసిన అంకెల్ని తాటాకు జాతకంలా చదువుతున్నామంటే అది వాళ్ళ చలవే.

2018లో యునెస్కో, డబ్‌కి తల్లి అయిన జమైకా సంగీతం రెగ్గేని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అమూర్తం అంటే చేత్తో ముట్టుకోలేనిది. ఆ నియమం మా ఇంట్లో అంతకుముందు నుంచే అమల్లో ఉంది. నా ప్లేట్లని ఎవర్నీ ముట్టుకోనివ్వను.

మా మామగారి బెంగ వేరు. "అది గంజాయి తాగేవాళ్ళ సంగీతమట కదా, అల్లుడుగారూ" అని ఫోన్లో నెమ్మదిగా అడిగారు. 1845 నుంచి చెరుకుతోటల పనికి ఓడలెక్కి జమైకా వెళ్ళిన భారతీయ కూలీలే 'గాంజా' అన్న మాటని అక్కడికి మోసుకెళ్ళారని విన్నవించుకున్నాను. ఎవరు ఎవర్ని చెడగొట్టారో మామగారు ఇంకా తేల్చలేదు.

ఇక డబ్బు సంగతి. ఆ రోజుల్లో స్టూడియో వాద్యగాళ్ళలో చాలామందికి పాటకింత అని చేతిలో పెట్టి పంపేసేవారు. రాయల్టీల ఊసు లేదు. నేనిచ్చిన 85 పౌండ్లలో ఆ డ్రమ్ము వాయించినవాడికి ఒక్క పెన్నీ కూడా చేరదు. సెకండ్‌హ్యాండ్ బేరం కదా. గొంతు తీసేశారు, పేరు గీకేశారు, కూలి ఒక్కటే మిగిలిస్తే కళకి లోపం కాదూ? ఇలాంటి సందేహాలు నాకు కొనే ముందు రావు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ప్లేటు కవర్లో పెట్టాక వస్తాయి.

ఈ దారిలో చివరి మెట్టు డబ్‌ప్లేటు. మన తాతలు గ్రామఫోన్ ప్లేటు అన్నట్టే వాళ్ళూ ప్లేటు అనే అంటారు. అల్యూమినియం బిళ్ళ మీద లక్క లాంటి మెత్తని పూత, దాని మీద నేరుగా కోసిన పాట. ఒకే ఒక్క ప్రతి. ముల్లు పెట్టిన ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. అంటే వింటే పోతుంది, వినకపోతే ఉంటుంది. నాకొకటి దొరికింది. ధర మా ఆవిడకి చెప్పలేదు, కాబట్టి మీకూ చెప్పను. ఆరునెలలు బీరువాలో పట్టుచీరల మధ్య దాచాను.

పోయిన శనివారం రాత్రి అందరూ పడుకున్నాక ఇక ఆగలేక ముల్లు దించాను. కళ్ళు మూసుకున్నాను. ఎక్కడో లోతుల్లోంచి సన్నగా ఒక గుసగుస. బేసు లేదు, డ్రమ్ము లేదు, అంతా తీసేశాడు మహానుభావుడు. ఇంత ధైర్యమైన మిక్సు నేను జన్మలో వినలేదు. మూడు నిమిషాలు ఒళ్ళు గగుర్పొడిచింది.

నీళ్ళ కోసం లేచిన మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఆ నల్లడబ్బాకి ఎర్రలైటు వెలగడం లేదు" అంది.

యాంప్లిఫయర్ స్విచ్ వేయలేదు. ఆ ప్లేటు ఆయుష్షులో ఒక ఆట అలా ఖర్చయింది. రేపు అమ్మకానికి పెట్టేటప్పుడు ఈ సంగతి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. 'వెరీ గుడ్ ప్లస్' అంటే సరిపోతుందనుకుంటాను.