సవరణ: 1957 నాటికి బెజవాడకు కిలోలు రాలేదు

మా అమ్మ పుట్టిన 1957లో విజయవాడ ఎలా ఉండేదో గతవారం రాశాను. అందులో ఆ ఏడాది ఏప్రిల్ 1తో అణాలు పోయాయనీ, బజారులో కూరగాయలు కిలోల లెక్కన అమ్మేవారనీ రాశాను. రెండూ తప్పే. అప్పటి నాణేల, తూనికల చట్టాల వివరాలు చూశాక సరిచేస్తున్నాను.

ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చిన మాట నిజం. కానీ పాత అణాలు, కానులు కొన్నేళ్లు వాటి పక్కనే చెలామణీ అయ్యాయి. చిక్కంతా మార్పిడిలోనే. అణాకు ఆరుంబావు నయాపైసలు. పావు పైసకు నాణెం లేదు. అందుకే అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని లెక్క కట్టారు. మూడణాల సరుకును ఒక్కో అణా చొప్పున మూడుసార్లు కొంటే 18 నయాపైసలే! అణా అణా చూసుకుని బతికే ఇళ్లలో ఈ ఒక్క పైసా ఎంత చర్చ రేపి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక కిలోలు. మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి విడతలవారీగా వచ్చాయి. అమ్మ పుట్టిన ఏడు మన బజార్లలో వీశెలే. వీశెకు నలభై పలాలు, అంటే ఇప్పటి లెక్కలో దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. పావు వీశెను పదలం, అందులో సగాన్ని ఏబులం అనేవారు.

ప్రకాశం బ్యారేజీ గురించి రాసినదాంట్లో మార్పు లేదు. అది 1957లోనే పూర్తయింది.