ప్రాసెసర్ దగ్గర వంతుల లెక్క మారాలి

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో నల్లగొండలో ఏ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లినా ఇదే గోల. మౌస్ కదలదు, టైపు చేసిన కోడ్ స్క్రీన్ మీద పడదు, వెనకాల యాంటీవైరస్ మాత్రం తీరిగ్గా స్కాన్ చేసుకుంటూ ఉంటుంది. "సిస్టం పాతదైంది సార్" అంటాడు ఆపరేటర్. ర్యామ్ చాలకపోవడం కొంత నిజమే, కానీ మిగతా తప్పు షెడ్యూలర్‌ది, అంటే ఏ ప్రోగ్రాంకు ప్రాసెసర్ ఎప్పుడు, ఎంతసేపు ఇవ్వాలో తేల్చే భాగానిది.

విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం అయిన లినక్స్‌లో 2007లో ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ వచ్చింది. ఇప్పటిదాకా ఎవరికి తక్కువ టైం దొరికిందో వాళ్లకే ముందు ఇద్దాం అన్నది దాని లెక్క. (ఇలాంటి ఆలోచనతోనే అంతకుముందు కోడ్ రాసి, డెస్క్‌టాప్ వాడేవాళ్ల తరఫున కొట్లాడిన కాన్ కొలివాస్ వృత్తిరీత్యా మత్తు డాక్టర్!)

న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతును అడగండి, సీజన్ మొత్తం లెక్కేస్తే నీళ్లు సమానంగానే వచ్చినా, వరి పొట్టకొచ్చినప్పుడు తడి అందకపోతే ఆ లెక్క ఏం చేసుకోవాలి? మీరు నొక్కిన అక్షరానికి కావలసిన టైం మిల్లీసెకను కూడా ఉండదు, కాకపోతే అది ఇప్పుడే కావాలి. స్కాన్‌కు గంట కావాలి, అయితే పది నిమిషాలు ఆలస్యమైనా అడిగే దిక్కుండదు. ఏ ప్రోగ్రాంకు ఎంత ప్రాధాన్యమో చెప్పే, -20 నుంచి 19 దాకా ఉండే 'నైస్' విలువలతో వాటా పెంచొచ్చు, తగ్గించొచ్చు గానీ ఈ తొందరను మాత్రం చెప్పలేం.

2023లో లినక్స్ 6.6 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే సిస్టం అసలు గుండె) వచ్చిన ఈఈవీడీఎఫ్ అనే కొత్త షెడ్యూలర్ సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది, దాని మూలం 1995 నాటి పరిశోధన పత్రం. ప్రతి ప్రోగ్రాంకూ ఒక గడువు ఉంటుంది. చిన్న చిన్న ముక్కలుగా టైం అడిగితే గడువు దగ్గరికొచ్చి వంతు ముందే వస్తుంది, మొత్తం వాటా మాత్రం పెరగదు, కాబట్టి అర్జెంటని అబద్ధం చెప్పి ఎక్కువ టైం కొట్టేయడం కుదరదు. పైగా ప్రాసెసర్ ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి ఊరికే మారుతూ ఉంటే క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న వేగవంతమైన మెమరీలో, దాచుకున్నది చెదిరిపోయి పని నెమ్మదిస్తుంది, అందుకే పెద్ద పనులకు పెద్ద ముక్కలు అడగడమే లాభం. నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

మన సెంటర్లలో ఉండేది విండోస్ కదా అంటారు. అందులోనూ ఒక ప్రోగ్రాం తనది వెనక పని అని చెప్పుకునే వీలు విస్తా అనే పాత విండోస్ నుంచీ ఉంది, చెప్పుకుంటే ప్రాసెసర్‌తో పాటు డిస్క్ దగ్గర కూడా తగ్గి నడుస్తుంది. చెప్పడం మాత్రం రాసినవాడి మంచితనానికే వదిలేశారు. నన్నడిగితే దీన్ని తిరగేయాలి: స్క్రీన్ మీద మనిషి ముందు లేని ప్రతి ప్రోగ్రాంనూ సిస్టమే వెనక పనిగా లెక్కేయాలి, కాదనుకున్నవాడు పాటో, కాల్‌లో మాటో నడుపుతున్నానని కారణం చూపించి ముందుకు రావాలి.